కైబాబ్ జింకల వృత్తాంతం: ఒక రేఖాచిత్రం, ఒక వ్యాసం – విమర్శనాత్మక పునఃపఠనం

వ్యాస సంగ్రహం:
పరభక్షులను తొలగిస్తే భక్ష్యజీవుల జనాభా విపరీతంగా పెరిగి, ఆపై ఆకలితో కుప్పకూలుతుందని చెప్పడానికి ఆవరణ శాస్త్ర బోధనలో తరచుగా చూపే ఉదాహరణ అమెరికాలోని కైబాబ్ పీఠభూమి జింకలది. ఈ ఉదాహరణకు రెండు పాఠ్యాలు ఆధారంగా నిలిచాయి. ఒకటి 1943లో ఆల్డో లియోపోల్డ్ ప్రచురించిన రేఖాచిత్రం. రెండవది ఆయన 1944లో రాసిన ‘థింకింగ్ లైక్ ఎ మౌంటెన్’ అనే వ్యాసం. ఈ రెండింటినీ వేరువేరుగా చదవవలసిన అవసరాన్ని, రేఖాచిత్రం కంటే వ్యాసమే శాస్త్రీయంగా ఎక్కువ నిలకడగలదన్న అభిప్రాయాన్ని ఈ పత్రం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆవరణ వ్యవస్థ, పరభక్షణ, జనాభా గతిశీలత, కైబాబ్, ఆల్డో లియోపోల్డ్, ఎల్లోస్టోన్, కథన విమర్శ.

1. ప్రవేశిక

అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ లోయకు ఉత్తరాన కైబాబ్ పీఠభూమి ఉంది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఆ ప్రాంతాన్ని వన్యమృగ సంరక్షణ కేంద్రంగా ప్రకటించాడు. జింకల వేటను నిషేధించారు. వాటిని తినే ప్యూమాలను, కయోటీలను, బాబ్‌క్యాట్లను, తోడేళ్ళను ప్రభుత్వమే వేటగాళ్ళను పెట్టి చంపించింది. అప్పటికి 4,000 ఉన్న జింకలు 1924 నాటికి 1,00,000 అయ్యాయి. అడవిలో అందిన ఆకునంతా తినేశాయి. తర్వాతి రెండు శీతాకాలాల్లో సగానికి పైగా చచ్చిపోయాయి. 1939 నాటికి 10,000 మిగిలాయి. పాఠ్యపుస్తకాలు చెప్పే కథ ఇది.

ఈ వ్యాసకర్త కూడా ఈ కథను తరగతిలో చాలాకాలం ఇలాగే చెప్పాడు. నల్లబల్లపై ఒక గీత నిటారుగా లేచి, అంతే నిటారుగా పడిపోతుంటే విద్యార్థుల ముఖాల్లో కనిపించే గ్రహింపు ఏ అధ్యాపకుడికైనా తృప్తినిస్తుంది. తప్పు చేసినవాడున్నాడు, తప్పుకు శిక్ష ఉంది, శిక్ష చివర నీతి ఉంది. అయితే ఒక శాస్త్రీయ ఉదాహరణ నీతికథ అంత నున్నగా ఉన్నప్పుడు విమర్శకుడు కొంత జాగ్రత్తపడాలి. ఆ నునుపు ప్రకృతిలోనే ఉందా, చెప్పినవారు చెక్కితే వచ్చిందా అన్నది పరిశీలించవలసిన విషయం.

2. ఒక గీత ప్రయాణం

కైబాబ్ జింకల లెక్కలకు ప్రధాన ఆధారం 1941లో డి. ఐ. రాస్ముసెన్ ‘ఎకలాజికల్ మోనోగ్రాఫ్స్’లో ప్రచురించిన పరిశోధన. అందులోని పటంలో ఉన్నది ఒక్క గీత కాదు. అటవీ పర్యవేక్షకుడు ఏటేటా వేసిన అంచనాలు ఒకవైపు ఉన్నాయి. వాటి ప్రకారం జింకలు 1923–24 ప్రాంతంలో దాదాపు 30,000. మరోవైపు ఆ కాలంలో పీఠభూమిని చూసి వెళ్ళిన సందర్శకుల అంచనాలు విడివిడి బిందువులుగా ఉన్నాయి. ఒకరు 50,000 అంటే మరొకరు 70,000 అన్నారు, ఇంకొకరు 1,00,000 అన్నారు. వీటన్నిటినీ దృష్టిలో ఉంచుకొని రాస్ముసెన్ తన ఊహను వేరే గీతగా గీశాడు. ఆ గీత అన్నిటికంటే పెద్ద అంచనాను తాకింది.

రెండేళ్ళ తర్వాత లియోపోల్డ్ ‘డీర్ ఇరప్షన్స్’ అనే వ్యాసంలో ఈ పటాన్ని తిరిగి గీశాడు. ఆయన చేతిలో ఊహాగీతే ప్రధాన రేఖ అయింది. 1949లో ఆలీ, ఎమర్సన్ ప్రభృతులు రాసిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ యానిమల్ ఎకాలజీ’ లియోపోల్డ్ పటాన్ని స్వీకరించింది. దాన్నుంచి 1963లో డేవిస్, గోలీల గ్రంథం తీసుకుంది. ఒక ప్రతికి మరో ప్రతి తీస్తూ పోయిన కొద్దీ పర్యవేక్షకుని అంచనాలు, సందర్శకుల బిందువులు, సందేహాలు రాలిపోయాయి. చివరికి ఒకే ఒక నల్లని వంపు మిగిలింది. ప్రతి లేఖకుడూ కొంత ‘సవరించిన’ తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులకు ఈ వ్యవహారం కొత్త కాదు. మూలప్రతికి వెళ్ళనివాడు లేఖక దోషాన్ని కవి ప్రయోగమని వ్యాఖ్యానిస్తాడు. ఇక్కడ జరిగిందీ అదే.

ఈ ప్రయాణాన్ని బయటపెట్టినవాడు గ్రేమ్ కాఫ్లీ. న్యూజిలాండ్‌లో హిమాలయన్ తార్ అనే కొండమేక జాతి జంతువుపై 1970లో ‘ఎకాలజీ’ పత్రికలో రాసిన పరిశోధనలో, తన సొంత విషయానికి రంగం సిద్ధం చేసుకుంటూ, ఆయన కైబాబ్ పటాలను పక్కపక్కన పెట్టి చూపాడు. ఆయన వాదంలో రెండు అంశాలున్నాయి. లెక్కలు నమ్మదగినవి కావన్నది మొదటిది. జింకలు నిజంగా పెరిగి ఉన్నా, పెరుగుదలకు కారణమేదో విడదీయలేమన్నది రెండవది. పరభక్షులను చంపిన కాలంలోనే మనుషుల వేట ఆగింది. అంతకు ముందు అక్కడ పెద్ద ఎత్తున మేసిన గొర్రెలు, పశువులు తగ్గాయి. అంటే జింకలకు పోటీ తగ్గి, మేత పెరిగింది. అడవిలో తరచుగా రేగే మంటలను ఆర్పడం కూడా ఆ దశాబ్దాల్లోనే మొదలైంది. నాలుగు మార్పులు ఒకేసారి వచ్చినప్పుడు ఫలితాన్ని ఒక్కదానికే కట్టబెట్టడం కాకతాళీయ న్యాయం. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ వేళ గాలి కూడా వీచిందన్న సంగతిని కథ విడిచిపెట్టింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడటం ఉపయోగకరం. 4,000 జింకలు 18 ఏళ్ళలో 30,000 కావాలంటే ఏటా దాదాపు 12 శాతం చొప్పున పెరగాలి. 1,00,000 కావాలంటే ఏటా దాదాపు 20 శాతం. కైబాబ్‌లో ఉండేవి మ్యూల్ డీర్ జాతి జింకలు. మేత బాగా దొరికితే ఆడజింక కవల పిల్లలను కనడం మామూలే. కనుక ఈ రెండు రేట్లలో ఏదీ జీవశాస్త్రపరంగా అసాధ్యం కాదు. ఏ అంచనా సరైనదో అంకగణితం తేల్చలేదని, అందుకే పెద్ద అంకె అంత సులభంగా చెలామణి అయిందని దీన్నిబట్టి అర్థమవుతుంది. అసాధ్యమైన అంకె అయితే ఎవరో ఒకరు ముందే అడ్డుకొని ఉండేవారు.

3. లెక్క వెనుక వ్యాజ్యం

అంకెలు అలా పెరగడానికి మరో నేపథ్యం ఉంది. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయ ఉద్యానంగా ఏర్పడింది. పీఠభూమిలో కొంత అటవీ శాఖ కింద, కొంత ఉద్యాన శాఖ కింద ఉండిపోయింది. వేటకు సంబంధించిన చట్టాలు అరిజోనా రాష్ట్రానివి. జింకలు మితిమీరాయి కనుక కొన్నిటిని చంపాలని అటవీ శాఖ వాదించింది. మిగిలినవారు ఒప్పుకోలేదు. 1924 డిసెంబరులో జింకలను చంపే బదులు తోలుకుపోదామన్న ఒక విచిత్ర ప్రయత్నం జరిగింది. గుర్రాల మీద కొందరు, మెడగంటలు మోగిస్తూ కాలినడకన నవాహో తెగవారు కొందరు బారులు తీరి, వేల జింకలను కాన్యన్ లోయలోకి దింపి అవతలి ఒడ్డుకు చేర్చాలనుకున్నారు. మంచు తుఫాను వచ్చింది. జింకలు మనుషుల వరుసల మధ్య నుంచి వెనక్కి జారిపోయాయి. ఒక్క జింకను కూడా అవతలికి చేర్చలేకపోయారు. మేకల మందను తోలినవాడెవడైనా ముందే చెప్పగలిగిన ఫలితం!

చివరికి వ్యవహారం న్యాయస్థానానికి వెళ్ళింది. తన భూమిని కాపాడుకోవడానికి సమాఖ్య ప్రభుత్వం రాష్ట్ర వేట చట్టాలతో నిమిత్తం లేకుండా జింకలను చంపించవచ్చని 1928లో ‘హంట్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్’ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంత తగవులో జింకల సంఖ్య కేవలం ప్రకృతి పరిశీలన కాజాలదు. ఎక్కువ ఉన్నాయనడంలో ఒక పక్షానికి, తక్కువ ఉన్నాయనడంలో మరో పక్షానికి ప్రయోజనం ఉంది. ఈ శాఖల మధ్య సంఘర్షణను క్రిస్టియన్ యంగ్ 2002లో వెలువరించిన ‘ఇన్ ది ఆబ్సెన్స్ ఆఫ్ ప్రిడేటర్స్’ గ్రంథంలో విపులంగా చర్చించాడు.

లియోపోల్డ్ 1943లో ఆ పటాన్ని గీయడానికీ ఇలాంటి సందర్భమే ఉంది. అప్పుడాయన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఆ రాష్ట్ర అడవుల్లో జింకలు మితిమీరాయని, కొమ్ములు లేని జింకల వేటకు, అంటే ఆడజింకల వేటకు కూడా, అనుమతించాలని ఆయన వాదిస్తున్నాడు. ప్రజల్లో తీవ్రమైన వ్యతిరేకత ఉంది. ‘డీర్ ఇరప్షన్స్’ ఆ వాదనలో భాగంగా రాష్ట్ర సంరక్షణ శాఖ పత్రికలో వెలువడింది. ఆయన ఉద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. విస్కాన్సిన్‌లో మేత సమస్య నిజమే. అయితే ఒప్పించడానికి గీసిన పటానికీ, తెలుసుకోవడానికి గీసిన పటానికీ స్వభావంలో తేడా ఉంటుంది. దశాబ్దాల తర్వాత పాఠ్యపుస్తకాలు మొదటి రకం పటాన్ని రెండవ రకంగా భావించాయి.

4. ‘పర్వతంలా ఆలోచించడం’

ఇక వ్యాసం సంగతి. 1944లో రాసిన ‘థింకింగ్ లైక్ ఎ మౌంటెన్’ లియోపోల్డ్ మరణించిన మరుసటి ఏడు, 1949లో, ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ సంపుటిలో అచ్చయింది. ఒక తోడేలు కూతతో వ్యాసం ఆరంభమవుతుంది. ఆ కూతను జింక, దేవదారు, పశువుల కాపరి, వేటగాడు ఎవరికి వారు తమ తమ భయాలు, ఆశల మేరకు వింటారు. అందులోని పూర్తి అర్థాన్ని మాత్రం చాలాకాలం బతికిన పర్వతమే గ్రహించగలదంటాడు రచయిత. తర్వాత తన యౌవనంలోని ఒక సంఘటన చెబుతాడు. తోటివారితో కలిసి ఒక తల్లి తోడేలును కాల్చి, అది ప్రాణం విడుస్తుండగా దాని కళ్ళలోకి చూసిన సంఘటన అది. 1909లో, అటవీ శాఖలో చేరిన తొలి సంవత్సరంలో జరిగిందని ఆయన లేఖల ఆధారంగా పరిశోధకులు నిర్ధారించారు.

ఈ ఒప్పుకోలు వెనుక ఒక శిష్యుని ఒత్తిడి ఉంది. గ్రంథానికి బొమ్మలు గీయవలసిన ఆల్బర్ట్ హాచ్‌బామ్, తోడేళ్ళ నిర్మూలనలో గురువు పాత్రను కూడా రాయవలసిందని ఆయనకు ఉత్తరాలు రాశాడు. లియోపోల్డ్ న్యూ మెక్సికోలో పనిచేసిన కాలంలో పరభక్షుల నిర్మూలనను ఉత్సాహంగా సమర్థించినవాడే. ఇతరుల తప్పులను ఎత్తిచూపే వ్యాసాలు తన తప్పు దాచుకుంటే వాటికి బరువుండదని శిష్యుడు గ్రహించాడు. గురువు అంగీకరించాడు. విద్యారంగంలో ఇలాంటి ఉత్తర ప్రత్యుత్తరాలు ఎంత అరుదో మనకు తెలియనిది కాదు.

విమర్శకుడు గమనించవలసిన ముఖ్యాంశం ఒకటుంది. ఈ వ్యాసంలో కైబాబ్ పేరే లేదు. అంకె ఒక్కటీ లేదు. రేఖాచిత్రంలో అంకెలున్నాయి, ‘నేను’ లేదు. వ్యాసంలో ‘నేను’ ఉంది, అంకెలు లేవు. పాఠకలోకం ఈ రెండింటినీ కలిపి ఒకే కథగా చదువుకుంది. దానివల్ల రెండు నష్టాలు జరిగాయి. వ్యాసంలోని పశ్చాత్తాపం రేఖాచిత్రానికి దానికి లేని నైతిక బలాన్ని ఇచ్చింది. రేఖాచిత్రంలోని ప్యూమాలు, కయోటీలు కనుమరుగై ఆ స్థానంలో తోడేలు నిలబడింది. కైబాబ్‌లో ప్రభుత్వ వేటగాళ్ళు వందల సంఖ్యలో ప్యూమాలను, వేల సంఖ్యలో కయోటీలను చంపారు. తోడేళ్ళు మాత్రం కొద్ది పదులకు మించవు. జింకలను ప్రధానంగా వేటాడేది అక్కడ ప్యూమాయే. సాహిత్యంలో తోడేలుకున్న ప్రతీక బలం ప్యూమాకు లేకపోవడం ఆ జంతువు దురదృష్టం కావచ్చు. జనాభా శాస్త్రానికి మాత్రం ఈ తేడా చిన్నది కాదు. తోడేళ్ళు గుంపుగా తరిమి వేటాడతాయి, ప్యూమా ఒంటరిగా పొంచి ఉండి దూకుతుంది. ఏ వయసు జింక చనిపోతుంది, ఏ చోటు జింకకు భయస్థానమవుతుంది అన్నవి వేట తీరునుబట్టి మారతాయి.

అయినప్పటికీ ఈ వ్యాసాన్ని కేవలం భావుకతగా తోసిపుచ్చడం పొరపాటు. అందులో నిక్కమైన శాస్త్రీయ ప్రతిపాదన ఒకటుంది. అది కాలపరిమాణానికి సంబంధించినది. తోడేలు చంపిన జింక స్థానాన్ని రెండు మూడేళ్ళలో మరో జింక భర్తీ చేస్తుంది. జింకలు చంపిన అడవి తిరిగి లేవడానికి దశాబ్దాలు పట్టవచ్చు, లేవకనూ పోవచ్చు. ఇదీ ఆయన వాదన సారం. పరస్పర చర్యలో పాల్గొనే జాతుల గడియారాలు ఒకే వేగంతో నడవవన్నమాట. తోడేలు, జింక, ఆస్పెన్ చెట్టు, నేల వేర్వేరు లయల్లో బతుకుతాయి. కనుక ఒక బంధాన్ని తెంచితే కలిగే నష్టం, దాన్ని తిరిగి ముడివేసినప్పుడు కలిగే లాభం సరిసమానంగా ఉండనక్కరలేదు. ‘పర్వతం’ అన్న ప్రతీక ఇక్కడ అలంకారం కోసం రాలేదు. నెమ్మదైన గడియారానికి అది పేరు.

ఈ గ్రహింపు లియోపోల్డ్‌కు కైబాబ్ ఒక్కదానివల్ల వచ్చింది కూడా కాదు. 1935లో జర్మనీ వెళ్ళి, జింకలను పెంచి పోషించే అక్కడి అడవుల్లో కింది మొక్కలు లేకపోవడం గమనించాడు. ఆపై 1936, 37లలో మెక్సికోలోని రియో గవిలాన్ లోయలో తోడేళ్ళు, ప్యూమాలు, జింకలు కలిసి ఉన్న పచ్చని కొండలు చూశాడు. వ్యాసంలోని పర్వతం ఈ రెండు ప్రయాణాల మధ్య రూపుదిద్దుకున్నదని చెప్పవచ్చు.

5. ప్రయోగం, పరిశీలన

కైబాబ్‌లో లేనిది ఏమిటో తెలియాలంటే ఉన్నచోటికి వెళ్ళాలి. రాబర్ట్ పెయిన్ వాషింగ్టన్ రాష్ట్ర తీరంలోని మక్కా బే వద్ద రాళ్ళ మీది నక్షత్ర చేపలను ఒక భాగంలో తొలగించి, పక్క భాగంలో ఉంచేశాడు. తొలగించిన చోట ఆల్చిప్పల జాతి ఒకటి మిగిలినవాటిని తోసేసి స్థలాన్ని ఆక్రమించింది. 15 జాతులున్న చోట 8 మిగిలాయని 1966లో ప్రకటించాడు. ఇక్కడ కాకి, తాటిపండు, గాలి మూడింటినీ విడదీసే వీలుంది. గాలి రెండు భాగాల మీదా ఒకేలా వీచింది. ‘కీలక జాతి’ అన్న భావన 1969లో ఈ పనినుంచే పుట్టింది.

కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, క్లూవానీ వద్ద చార్లెస్ క్రెబ్స్ బృందం 1986లో ఆరంభించిన ప్రయోగం మన చర్చకు మరింత దగ్గరిది. మంచు కుందేళ్ళు పదేళ్ళకొకసారి పెరిగి తగ్గడానికి లింక్స్ కారణమా, మేత కారణమా అన్నది పాత వివాదం. హడ్సన్స్ బే కంపెనీ తోళ్ళ లెక్కలనుంచి పుట్టిన జంట రేఖలు కూడా పాఠ్యపుస్తకాల్లో కైబాబ్ రేఖంత ప్రసిద్ధమైనవే. క్రెబ్స్ బృందం కొన్ని చోట్ల పరభక్షులను విద్యుత్ కంచెలతో ఆపింది. కొన్ని చోట్ల అదనపు మేత వేసింది. ఒక చోట రెండూ చేసింది. చక్రంలోని శిఖర, క్షీణ దశల సగటు తీసుకుంటే, కంచె ఒక్కటే ఉన్నచోట కుందేళ్ళ సాంద్రత రెట్టింపు, మేత ఒక్కటే వేసినచోట మూడు రెట్లు, రెండూ ఉన్నచోట 11 రెట్లు అయింది. విడివిడి ఫలితాలను ఒకదానితో ఒకటి గుణించినా ఆరు రెట్లే రావాలి. 11 రావడమంటే ఆకలి, భయం, మరణం ఒకదానినొకటి పెంచుకుంటున్నాయని అర్థం. ‘వేట కారణమా, మేత కారణమా’ అన్న ప్రశ్న నిర్మాణంలోనే లోపముందని ఈ ఫలితం చెబుతున్నది. కైబాబ్ కథను అందంగా నిలబెట్టింది సరిగ్గా ఆ లోపభూయిష్టమైన ప్రశ్నే.

మూడవ ఉదాహరణను క్లుప్తంగా ప్రస్తావిస్తాను. బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో 29 రెయిన్‌డీర్‌లను వదిలారు. పరభక్షులు ఆ దీవిలో మొదటినుంచీ లేవు. డేవిడ్ క్లైన్ 1963లో లెక్కించేసరికి 6,000 అయ్యాయి. అంటే సగటున ఏటా 32 శాతం పెరుగుదల. లైకెన్ మేత అరిగిపోయింది, ఆపై తీవ్రమైన శీతాకాలం వచ్చింది. 1966లో 42 మిగిలాయి, వాటిలో 41 ఆడవే. పెరిగి కూలిపోవడాన్ని విద్యార్థులకు చూపాలనుకునేవారికి ఇది కైబాబ్ కంటే నిజాయితీగల ఉదాహరణ. కూలడం జరిగింది, లెక్క ఉంది. కానీ ‘పరభక్షిని చంపిన పాపం’ అన్న అంశం లేదు. బహుశా అందుకే ఇది అంత ప్రచారం పొందలేదేమో.

6. చెట్లు ఇచ్చిన సాక్ష్యం

కాఫ్లీ విమర్శ తర్వాత కైబాబ్ పాఠ్యపుస్తకాలనుంచి మెల్లగా తప్పుకుంది. కొందరు దాన్ని పూర్తిగా కల్పితమన్నంత దూరం వెళ్ళారు. ఇది మరో అతి. లెక్కలు నమ్మదగనివి అనడం వేరు, సంఘటన జరగలేదనడం వేరు. 2006లో డాన్ బింక్లీ, అతని సహచరులు ఈ ప్రశ్నను మనుషుల అంచనాలనుంచి తప్పించి చెట్ల వద్దకు తీసుకువెళ్ళారు. జింకలు నిజంగా అంతగా మేసి ఉంటే ఆ ఏళ్ళలో మొలిచిన ఆస్పెన్ పిలకలు బతికి ఉండకూడదు. వార్షిక వలయాలు లెక్కించి చెట్ల వయసులు తీస్తే, 1920ల నాటి ఆస్పెన్లు అసాధారణంగా తక్కువగా కనిపించాయి. శీతోష్ణస్థితి, మంటలు, పశువుల మేత ఈ లోటును సరిగా వివరించలేకపోయాయి. జింకల మేత విపరీతంగా ఉండి ఉండవచ్చన్న లియోపోల్డ్ భావన ఆ మేరకు బలపడింది.

ఈ పరిశోధనను కైబాబ్ కథకు పునఃప్రతిష్ఠగా స్వాగతించినవారున్నారు. వారితో పూర్తిగా ఏకీభవించడం కష్టం. ఆస్పెన్ వయసులు చెప్పేది జింకలు ఆకును ఎంత తిన్నాయన్నది. జింకలు ఎందుకు పెరిగాయన్నది అవి చెప్పలేవు. గొలుసులో కింది లంకె దొరికింది. పై లంకె, అంటే ప్యూమాల మరణానికీ జింకల పెరుగుదలకూ మధ్య ఉన్నది, వేట నిషేధం, పశువుల తగ్గుదలలతో ఇంకా చిక్కుపడే ఉంది.

7. ఎల్లోస్టోన్‌లో అదే కథ తిరగేసి

కైబాబ్ పరభక్షిని తీసివేస్తే ఏమవుతుందో చెప్పే కథ. ఎల్లోస్టోన్ దాన్ని తిరిగి తెస్తే ఏమవుతుందో చెప్పే కథ. 1920లలో అక్కడ అంతరించిన తోడేళ్ళను కెనడానుంచి 1995లో 14, 1996లో 17 తెచ్చి వదిలారు. ఉత్తర భాగపు ఎల్క్ మంద 1994లో దాదాపు 19,000 ఉండేది, 2013 నాటికి 4,000 లోపుకు తగ్గింది. విల్లో, ఆస్పెన్ మొక్కలు కొన్నిచోట్ల ఎత్తు పెరిగాయని విలియం రిపుల్, రాబర్ట్ బెష్టాలు చూపారు. ప్రచార మాధ్యమాల్లో ఇది ‘తోడేళ్ళు నదుల గతి మార్చాయి’ అన్న వాక్యంగా స్థిరపడింది.

ఈ కథలోనూ అదే చిక్కు. ఆ కాలంలోనే ప్యూమాలు, గ్రిజ్లీ ఎలుగులు పెరిగాయి. ఉద్యానం వెలుపల ఎల్క్‌లను మనుషులు వేటాడారు. కరువు ఏళ్ళు వచ్చాయి. టామ్ హాబ్స్ బృందం 2001నుంచి రెండు దశాబ్దాల పాటు నదీతీర విల్లోలపై నడిపిన ప్రయోగం ఈ విషయంలో అత్యంత విలువైనది. 2024లో ప్రచురితమైన వారి ఫలితాల సారమిది: ఎల్క్‌లను కంచెతో ఆపి, బీవర్లు కట్టే ఆనకట్టలను పోలిన అడ్డుకట్టలతో నీటి మట్టాన్ని పెంచిన చోట విల్లోలు బాగా ఎదిగాయి. పరభక్షుల రాక మీదనే ఆధారపడిన చోట్ల ఎదుగుదల పరిమితంగానే ఉంది. తోడేళ్ళు లేని దశాబ్దాల్లో ఎల్క్‌లు విల్లోలను తినేశాయి. విల్లోలు లేక బీవర్లు వెళ్ళిపోయాయి. ఆనకట్టలు లేక వాగులు లోతుగా కోసుకుపోయి, భూగర్భ జలం వేళ్ళకు అందనంత కిందికి దిగింది. ఇప్పుడు తోడేలు తిరిగివచ్చినా నీళ్ళు తిరిగిరాలేదు.

ఈ ఫలితం లియోపోల్డ్‌కు వ్యతిరేకమని కొందరు భావించారు. రేఖాచిత్రానికి ఇది వ్యతిరేకమే. ఆ వంపు ప్రకారం పరభక్షి ఒక మీట వంటిది, అటు తిప్పితే పెరుగుతుంది, ఇటు తిప్పితే తగ్గుతుంది. వ్యాసానికి మాత్రం ఇది అనుకూలం. తెగిన బంధం కాలంతో పాటు ఇతర బంధాలను తెంపుకుంటూ పోతుందని, పర్వతపు గడియారం వెనక్కి తిరగదని వ్యాసం చెప్పింది. అంకెలు లేని పాఠ్యం అంకెలున్న పాఠ్యం కంటే మెరుగైన అంచనా ఇవ్వడం సాహిత్య విద్యార్థులకు సంతోషం కలిగించవచ్చు. అయితే వ్యాసం ఊహించింది, ప్రయోగం నిరూపించింది. ఈ రెండు పనులూ ఒకటి కావు.

8. మన పరిభాష, మన పొలాలు

తెలుగులో ఆవరణ శాస్త్రాన్ని బోధించేవారికి ఈ చర్చతో రెండు చోట్ల సంబంధం ఉంది. మొదటిది పరిభాష. మన పాఠాల్లోనూ, పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ‘ప్రకృతి సమతౌల్యం’ అన్న మాట ధారాళంగా వాడుతున్నాం. సమతౌల్యమంటే త్రాసు. త్రాసులో ఉండేవి రెండే పళ్ళాలు. ఒకవైపు పులి, మరోవైపు జింక. ఈ ఉపమానం మేతకు, నీటికి, పోటీ జాతులకు, మంటలకు, కాలానికి చోటివ్వదు. కైబాబ్ కథ తెలుగు వాక్యంలోకి అంత సులభంగా ఇమిడిపోవడానికి ఈ త్రాసు కొంత కారణం. ‘పరస్పర చర్యలు’ అన్న మాట పొడిగా ఉన్నా నయం. అందులో చర్యలు ఎన్నైనా ఉండవచ్చు.

రెండవది పొలం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ అడవి పందుల వల్ల మొక్కజొన్న, వేరుశనగ రైతులు నష్టపోతున్నారు. మంచెల మీద రాత్రులు జాగారం చేస్తున్నారు. ఈ సమస్యపై మాట్లాడే సభల్లో, వ్యాసాల్లో ‘పులులు, చిరుతలు తగ్గాయి కనుక పందులు పెరిగాయి’ అన్న వివరణ తరచుగా వినిపిస్తుంది. అది కొంత నిజం కావచ్చు. ఒక మెతుకు పట్టి చూసి అన్నమంతా ఉడికిందని చెప్పే స్థాలీపులాక న్యాయం చెల్లాలంటే మెతుకులన్నీ ఒకే కుండలోవి కావాలి. కైబాబ్ పీఠభూమి, మన మెట్ట పొలం ఒకే కుండ కాదు. అడవి పంది ఒక ఈతలో అనేక పిల్లలను పెడుతుంది. పంట పొలం దానికి ఏడాదిలో చాలా నెలలు బలమైన ఆహారం. పొలాల చుట్టూ అల్లుకున్న సర్కారు తుమ్మ పొదలు పగటిపూట దాక్కునే చోటు. క్లూవానీ కుందేళ్ళలో మేత ఒక్కటే సాంద్రతను మూడు రెట్లు చేయగలిగినప్పుడు, ఇక్కడ మేత పాత్రను లెక్కలోకి తీసుకోని వివరణ ఎంతవరకు నిలుస్తుంది? పరభక్షులు లేకపోవడమే ఏకైక కారణమని నమ్మితే తుపాకీ ఒక్కటే పరిష్కారంగా కనిపిస్తుంది. పంటల మార్పిడి, కంచె, పొదల తొలగింపు చర్చలోకే రావు.

ఒకే మండలంలో చిరుత సంచారమున్న గ్రామాలు, లేని గ్రామాలు, మొక్కజొన్న వేసేవి, వేయనివి, తుమ్మ పొదలున్నవి, నరికినవి పక్కపక్కన దొరుకుతాయి. పెయిన్‌కు సముద్ర తీరంలో దొరికిన పక్కపక్క రాళ్ళ వంటివే ఇవి. జంతుశాస్త్ర విభాగంలో ఒక పరిశోధకుడు, తెలుగు విభాగంలో రైతుల కథనాలను సేకరించే మరో పరిశోధకుడు కలిసి నాలుగైదు పంటకాలాల పాటు పని చేస్తే, ఏ మార్పు ముందు వచ్చింది, పందులు ఎప్పుడు పెరిగాయి అన్న క్రమమైనా తెలుస్తుంది. 1906నుంచి 1924 వరకు కైబాబ్‌లో ఎవరూ రాసిపెట్టనిది ఆ క్రమాన్నే.